డేటాబేస్‌లో పైథాన్ ఫంక్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు పరిసరాల్లో రైస్ మిల్లులకు, రొయ్యల కొనుగోలుదారులకు, ఇళ్ల స్థలాల లేఅవుట్లు వేసేవారికి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు కూర్చాము. ప్రధానంగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను, అందులో పైథాన్ భాషతో సొంత ఫంక్షన్లు రాసుకోవడాన్ని దృష్టిలో ఉంచుకున్నాము. ఒక్క కంప్యూటర్‌పై నడిచే చిన్న పనులకు చాలామంది వాడే ఎస్‌క్యూలైట్ గురించి కూడా చివర్లో చెప్పాము. కమాండ్ల పేర్లను వినిపించే తీరులోనే తెలుగులో రాశాము.

డేటాబేస్‌లో ఉన్న ఫంక్షన్లు చాలవా? సొంతంగా రాయవలసిన అవసరం ఏమిటి?

డేటాబేస్‌తో వచ్చే ఫంక్షన్లకు కూడికలు, తీసివేతలు, తేదీలు తెలుసు గానీ మన ఊరి లెక్కలు తెలియవు. నెల్లూరు ధాన్యం వ్యాపారంలో పుట్టి అంటే 850 కిలోలు. ఇక్కడి స్థలాల బేరాల్లో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే సెంటుకు 6.05 అంకణాలు. ఈ మార్పిడిని ప్రతి రిపోర్టులోనూ, ప్రతి స్క్రీన్‌లోనూ విడివిడిగా రాస్తే ఎక్కడో ఒకచోట 850 బదులు 800 పడుతుంది. ఆ తప్పు లెక్క తేలేది సంవత్సరాంతంలోనే. అదే లెక్కను డేటాబేస్‌లో ఒక ఫంక్షన్‌గా పెడితే మొబైల్ యాప్, కౌంటర్‌లోని కంప్యూటర్, ఆడిటరు ఎక్సెల్ షీటు అన్నీ ఒకే మాట చెబుతాయి.

అయితే పుట్టి, అంకణం లెక్కలకు పైథాన్ అక్కరలేదు. అది ఒక్క గుణకారం. డేటాబేస్ సొంత భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో రాసిన సాదా ఫంక్షన్ సరిపోతుంది, పైగా అదే వేగంగా నడుస్తుంది. మాకు వచ్చే ప్రశ్నల్లో సగానికి మా జవాబు ఇదే కావడం కొందరికి నిరుత్సాహం కలిగిస్తుంది. తెలుగు అక్షరాలను విడదీయడం, చిందరవందరగా రాసిన చిరునామాల నుంచి డోర్ నంబరు లాగడం, మెట్లు మెట్లుగా ఉన్న ధరల పట్టికలో మధ్య విలువను పట్టుకోవడం వంటి పనులు ఎస్‌క్యూఎల్‌లో రాయగలిగినా ఆరు నెలల తర్వాత రాసినవారికే అర్థం కావు. పైథాన్ అవసరపడేది అటువంటి చోటే.

పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌లో ఎలా చేర్చాలి? పేరు చివర ఉన్న ‘యూ’ అక్షరం దేనికి?

ఉబుంటు వంటి లినక్స్‌లలో పైథాన్ భాష వేరే ప్యాకేజీగా వస్తుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసిన తర్వాత, ఏ డేటాబేస్‌లో కావాలో అందులో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ కమాండుతో పీఎల్‌పైథాన్3యూ అనే భాషను చేర్చాలి. విండోస్‌లోనైతే పోస్ట్‌గ్రెస్‌ను ఏ పైథాన్ వెర్షన్‌తో తయారు చేశారో ఆ వెర్షనే కంప్యూటర్‌లో ఉండాలి. లేకపోతే లైబ్రరీ లోడ్ కాలేదని ఎర్రర్ వస్తుంది. పైథాన్ 2తో రాసిన పాత ఫంక్షన్లు ఉంటే వాటిని మార్చుకోక తప్పదు, ఎందుకంటే 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి పైథాన్ 2ను పూర్తిగా తీసివేశారు.

చివరి ‘యూ’ అన్‌ట్రస్టెడ్ అనడానికి గుర్తు. ఈ భాషలో రాసిన ఫంక్షన్ సర్వర్‌లోని ఫైళ్లను చదవగలదు, చెరపగలదు, ఇంటర్నెట్‌లోకి వెళ్లగలదు. డేటాబేస్ సర్వర్‌ను నడిపే యూజరు చేయగలిగినవన్నీ చేయగలదు. అందుకే డేటాబేస్‌పై అన్ని హక్కులూ ఉన్న సూపర్‌యూజరుకు మాత్రమే ఇందులో ఫంక్షన్ సృష్టించే హక్కు ఉంటుంది. పైథాన్‌ను లోపల కట్టడి చేసే పాత మార్గం నమ్మదగినది కాదని తేలడంతో, 2003లో వచ్చిన 7.4 వెర్షన్ నుంచి పీఎల్‌పైథాన్ అన్‌ట్రస్టెడ్‌గా మాత్రమే మిగిలింది. పెర్ల్, టీసీఎల్ భాషలకు మాత్రం కట్టడి ఉన్న రూపం, లేని రూపం రెండూ ఉన్నాయి. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న డేటాబేస్‌లలో చాలా వాటిలో పైథాన్ దొరకకపోవడానికి కారణం కూడా ఇదే. కనుక సర్వర్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందే ఈ సంగతి కనుక్కోవాలి.

ఇక్కడ చాలామంది మరిచిపోయే అంశం ఒకటి ఉంది. ఫంక్షన్‌ను సృష్టించేది సూపర్‌యూజరే అయినా, దాన్ని పిలిచే హక్కు మొదట్లో అందరికీ ఉంటుంది. ఫైళ్లను ముట్టుకునే ఫంక్షన్ అయితే ఆ హక్కును పబ్లిక్ (అంటే అందరి) నుంచి రివోక్ కమాండుతో వెనక్కి తీసుకుని, కావలసిన యూజరుకు మాత్రమే ఇవ్వాలి.

ఒక ఉదాహరణ చూపించండి. పైథాన్ నిజంగా అవసరమైన పని ఏది?

టోకెన్ చీటీ మీద రైతు పేరు, ఊరి పేరు అచ్చు వేయాలి. చీటీ వెడల్పు తక్కువ కనుక పేరును కొన్ని అక్షరాలకు కత్తిరించాలి. డేటాబేస్‌లోని లెఫ్ట్ ఫంక్షన్ ఆ పని చేస్తుందని అనుకుంటాము. ‘నెల్లూరు’ అనే మాటను తీసుకోండి. మన కంటికి అది మూడక్షరాలు: నె, ల్లూ, రు. కంప్యూటర్లు అక్షరాలను సంకేతాలుగా దాచుకునే యూనికోడ్ లెక్కలో మాత్రం న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం, మొత్తం 8 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి 3 బైట్ల చొప్పున 24 బైట్లు. లెఫ్ట్ ఫంక్షన్‌కు మూడు అని చెబితే అది మూడు సంకేతాలు తీసుకుంటుంది. చీటీ మీద ‘నెల’ అని పడుతుంది. నాలుగు అంటే ‘నెల్’ అవుతుంది. ఊరు కాస్తా నెల అయిపోయిన చీటీని మేము కళ్లారా చూశాము.

దీనికి పైథాన్‌లో రాసే ఫంక్షన్ పది పంక్తులకు మించదు. ఆర్గ్యుమెంట్లుగా ఒక టెక్స్ట్, ఎన్ని అక్షరాలు కావాలో ఒక పూర్ణసంఖ్య తీసుకుంటుంది. పైథాన్‌తో పాటే వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఒక్కో సంకేతం ఏ వర్గానిదో చూస్తూ పోవాలి. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు ఇవన్నీ ‘ఎం’తో మొదలయ్యే వర్గాలకు చెందుతాయి, అవి వస్తే కొత్త అక్షరంగా లెక్కించకూడదు. హల్లు వచ్చినప్పుడు దానికి సరిగ్గా ముందున్నది పొల్లు అయితే అది ఒత్తు, కొత్త అక్షరం కాదు. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తును లెక్కలోకి తీసుకోకూడదు గానీ, పొల్లుకూ తర్వాతి హల్లుకూ మధ్య అది ఉంటే ఆ హల్లును కొత్త అక్షరంగానే ఎంచాలి. ఈ నియమాలతో ‘నెల్లూరు’ మూడు, ‘కందుకూరు’ నాలుగు, ‘సాఫ్ట్‌వేర్’ నాలుగు అక్షరాలుగా తేలుతాయి. కావలసిన సంఖ్య దాటగానే అంతవరకు ఉన్న భాగాన్ని తిరిగి ఇస్తే సరి, ఏ ఒత్తూ తెగదు.

రెండు పేర్లు చూడటానికి ఒకేలా ఉన్నా సరిపోలడం లేదు. దానికీ ఫంక్షన్ రాయాలా?

తొందరపడవద్దు. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా గానీ, ఎత్వం పక్కన ఐత్వపు పొడుగు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగా గానీ. ‘పైడి’ అని రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది, డేటాబేస్‌కు మాత్రం అవి వేర్వేరు మాటలు. దీనికి 2020లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఈ రెండు రకాలనూ ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజ్ అనే ఫంక్షన్ సిద్ధంగా ఉంది. కనిపించని జీరో విడ్త్ గుర్తులను తీసివేయడానికి రీప్లేస్, తెలుగు అంకెలను మామూలు అంకెలుగా మార్చడానికి ట్రాన్స్‌లేట్ చాలు. ఈ మూడూ పేర్లను సేవ్ చేసేటప్పుడే ఒకసారి నడిపితే, వెతికేటప్పుడు ఇబ్బంది ఉండదు.

ఫంక్షన్ సరిగానే రాశాను, కానీ వేరియబుల్‌కు విలువ ఇవ్వకముందే వాడారని ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

పైథాన్ బాగా వచ్చినవారినే ఎక్కువగా తికమక పెట్టే చిక్కు ఇది. పీఎల్‌పైథాన్‌లో ఆర్గ్యుమెంట్లు ఫంక్షన్ లోపలికి గ్లోబల్ వేరియబుల్స్‌గా వస్తాయి. పేరు అనే ఆర్గ్యుమెంటును లోపల ‘పేరు = పేరు.స్ట్రిప్()’ అని మార్చబోతే, పైథాన్ నియమం ప్రకారం ఆ పేరు మొత్తం ఫంక్షన్‌కు లోకల్ వేరియబుల్ అయిపోతుంది. కుడివైపున చదవబోయేసరికి దానికి ఇంకా విలువ ఉండదు. మొదటి పంక్తిలో గ్లోబల్ అని ప్రకటిస్తే ఎర్రర్ పోతుంది గానీ, ఆర్గ్యుమెంటును ముట్టుకోకుండా కొత్త వేరియబుల్ పెట్టుకోవడమే మంచిది. ఫంక్షన్‌ను సృష్టించేటప్పుడు పైథాన్ వాక్యనిర్మాణం మాత్రమే తనిఖీ అవుతుంది. పేర్ల తప్పులు నడిపినప్పుడే బయటపడతాయి కనుక, సృష్టించిన వెంటనే రెండు మూడు విలువలతో పిలిచి చూడాలి.

డేటాబేస్ విలువలు పైథాన్‌లోకి ఏ రూపంలో వస్తాయి?

పూర్ణసంఖ్యలు పూర్ణసంఖ్యలుగానే, బూలియన్ బూలియన్‌గానే వస్తాయి. న్యూమరిక్ రకం పైథాన్ డెసిమల్‌గా వస్తుంది. డబ్బు, బరువు లెక్కలకు ఇది ఎంతో మేలు. కానీ డెసిమల్‌ను 8.5 వంటి సాధారణ దశాంశ సంఖ్యతో (ఫ్లోట్‌తో) గుణిస్తే పైథాన్ ఒప్పుకోదు, టైప్ ఎర్రర్ ఇస్తుంది. పుట్టిని క్వింటాళ్లలోకి మార్చేటప్పుడు 8.5 అని రాసి ఈ గోతిలో పడినవారు చాలామంది. 850తో గుణించి 100తో భాగిస్తే రెండూ పూర్ణసంఖ్యలే కనుక చిక్కు లేదు. తేదీలు మాత్రం తేదీలుగా రావు, అక్షరాల వరుసగా వస్తాయి. వాటిని పైథాన్‌లో మళ్లీ తేదీగా మార్చుకోవాలి.

విలువ లేదని చెప్పే నల్ పైథాన్‌లో నన్‌గా వస్తుంది. ఏ ఆర్గ్యుమెంటు నల్ అయినా ఫలితం నల్ కావాలంటే ఫంక్షన్‌ను స్ట్రిక్ట్ అని ప్రకటిస్తే చాలు. పైథాన్ వరకు వెళ్లకుండానే డేటాబేస్ జవాబిచ్చేస్తుంది.

ఇమ్యూటబుల్, స్టేబుల్, వోలటైల్: వీటిలో ఏది రాయాలి? తప్పు రాస్తే ఏమవుతుంది?

ఏమీ రాయకపోతే వోలటైల్ అని, అంటే పిలిచిన ప్రతిసారీ జవాబు మారవచ్చని పోస్ట్‌గ్రెస్ అనుకుంటుంది. ఇచ్చిన విలువకు ఎప్పటికీ అదే జవాబు వచ్చే ఫంక్షన్ ఇమ్యూటబుల్. టేబుళ్లను చదివి జవాబు చెప్పేది, ఒక్క క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) నడిచేంతవరకు జవాబు మారనిది స్టేబుల్. వేగంగా వెతకడానికి డేటాబేస్ ముందే కట్టి ఉంచుకునే సూచిక అయిన ఇండెక్స్‌లో వాడాలంటే ఇమ్యూటబుల్ అయి తీరాలి. అక్షరాలు లెక్కపెట్టే ఫంక్షన్‌ను ధైర్యంగా ఇమ్యూటబుల్ అనవచ్చు.

తప్పు రాస్తే ఏమవుతుందో మన జిల్లాల చరిత్రే చెబుతుంది. మండలం పేరు ఇస్తే జిల్లా పేరు చెప్పే ఫంక్షన్‌ను పైథాన్ డిక్షనరీతో రాసి, ఇమ్యూటబుల్ అని ప్రకటించి, దాని మీద ఇండెక్స్ కట్టారనుకుందాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి, చీరాల ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. డిక్షనరీలో పేర్లు మార్చి ఫంక్షన్‌ను తిరిగి సృష్టించినా, ఇండెక్స్ దానంతట అది మారదు. నెల్లూరు జిల్లా రైతుల జాబితా అడిగితే కందుకూరు నుంచి కొత్తగా చేరినవారు కనిపిస్తారు, పాతవారు కనిపించరు. ఎర్రర్ ఏదీ రాదు. జాబితా కురచగా ఉందని ఎవరో ఒకరు కనిపెట్టే వరకు ఆ సంగతి తెలియదు. రీఇండెక్స్ చేస్తే, అంటే ఇండెక్స్‌ను మళ్లీ కడితే తాత్కాలికంగా సరిపోతుంది. అసలు పరిష్కారం మాత్రం మండలం, జిల్లా, ఏ తేదీ నుంచి అన్న మూడు కాలమ్‌లతో ఒక టేబుల్ పెట్టుకోవడం. ప్రభుత్వ ఉత్తర్వుతో మారే సమాచారం ఏదీ కోడ్‌లో ఉండకూడదన్నది మా ఖచ్చితమైన అభిప్రాయం.

ఫంక్షన్ లోపలి నుంచి టేబుళ్లను చదవవచ్చునా?

చదవవచ్చు. పీఎల్‌పై అనే మాడ్యూల్ దానంతట అదే అందుబాటులో ఉంటుంది. అందులోని ఎగ్జిక్యూట్‌తో క్వెరీ నడపవచ్చు. రొయ్యల ధరల లెక్క దీనికి చక్కని ఉదాహరణ. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సంఖ్య. వ్యాపారులు 30, 40, 50 అంటూ కొన్ని కౌంట్లకు ధర ప్రకటిస్తారు. చెరువులో పట్టినవి 43 కౌంట్ తేలవచ్చు. 40 కౌంటుకు 400 రూపాయలు, 50 కౌంటుకు 350 రూపాయలు అనుకుంటే, ఒక్కో కౌంటుకు 5 రూపాయల చొప్పున తగ్గించి 43కు 385 అని ఫంక్షన్ చెప్పాలి. ఆ రోజు ధరల టేబుల్ చదివి, పైమెట్టు, కిందిమెట్టు పట్టుకుని లెక్క వేయడం పైథాన్‌లో నాలుగు పంక్తుల పని. ధరలు రోజూ మారతాయి కనుక ఇది స్టేబుల్ ఫంక్షన్.

క్వెరీలో విలువలను అక్షరాల వరుసగా అతికించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఎవరైనా పేరు పెట్టెలో ఒక కొటేషన్ గుర్తు కొడితే క్వెరీ విరిగిపోతుంది. తెలిసినవారు కొడితే టేబులే పోవచ్చు. ప్రిపేర్‌తో క్వెరీని ఒకసారి సిద్ధం చేసి, విలువలను విడిగా పంపాలి. సిద్ధం చేసిన ప్లాన్‌ను ఎస్‌డీ అనే డిక్షనరీలో దాచుకుంటే ఆ సెషన్‌లో, అంటే డేటాబేస్‌తో ఆ కనెక్షన్ ఉన్నంతసేపు, అదే ఫంక్షన్ మళ్లీ పిలిచినప్పుడు తిరిగి వాడుకోవచ్చు.

ట్రిగ్గర్ నుంచి ఎస్ఎంఎస్ పంపవచ్చునా?

టేబుల్‌లో వరుస చేరినప్పుడో మారినప్పుడో దానంతట అదే నడిచే ఫంక్షనే ట్రిగ్గర్. దాని నుంచి పంపగలము, పంపకూడదు. ఈ పాఠం మేము నేర్చుకున్నది మా చేతులు కాలాకే. కావలి వైపు ఒక కొనుగోలుదారుకు, కాటా వివరాలు ఎక్కిన వెంటనే రైతుకు ఎస్ఎంఎస్ వెళ్లేలా పైథాన్ ట్రిగ్గర్ రాశాము. ఒక రోజు 40 కాటాలను ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే నిలిస్తే అన్నీ నిలిచి, పోతే అన్నీ పోయే ఒకే కట్టగా ఎక్కించారు. చివరిదానిలో బరువు మైనస్‌లో పడటంతో తనిఖీ నియమం అడ్డుకుని మొత్తం రోల్‌బ్యాక్ అయింది, అంటే వెనక్కి పోయింది. డేటాబేస్‌లో ఒక్క వరుస కూడా మిగలలేదు గానీ 39 మందికి సందేశాలు వెళ్లిపోయాయి. తప్పు దిద్ది మళ్లీ ఎక్కిస్తే ఆ 39 మందికీ రెండోసారి వెళ్లాయి. ‘రెండు లోడ్లు రాసుకున్నారా, డబ్బులు రెండింటికీ ఇస్తారా’ అని ఫోన్ల మీద ఫోన్లు. తప్పు పూర్తిగా మాదే. రోల్‌బ్యాక్ డేటాబేస్ వరకే పనిచేస్తుంది, బయటికి పోయిన సందేశాన్ని వెనక్కి పిలవలేదు.

ఇప్పుడు మేము ట్రిగ్గర్‌తో ‘పంపవలసినవి’ అనే టేబుల్‌లో ఒక వరుస మాత్రం చేరుస్తాము. వేరే ప్రోగ్రాం ఆ టేబుల్ చూసి సందేశాలు పంపుతుంది. ట్రాన్సాక్షన్ వెనక్కి పోతే ఆ వరుసా పోతుంది. సందేశాలు పంపే ఎస్ఎంఎస్ గేట్‌వే నెమ్మదించినా కాటా దగ్గర క్యూ ఆగదు.

ట్రిగ్గర్‌లో మరొక సంగతి. కొత్త వరుస టీడీ అనే డిక్షనరీలో వస్తుంది. అందులో విలువలు మార్చి, చివర మోడిఫై అన్న మాట తిరిగి ఇవ్వకపోతే, చేసిన మార్పు చప్పుడు లేకుండా పోతుంది.

పైథాన్ ఫంక్షన్ నెమ్మదిగా నడుస్తుందా?

డేటా సర్వర్ దాటి బయటికి వెళ్లనవసరం లేదు కనుక, లక్షల వరుసలను బయటికి లాగి లెక్క వేయడం కంటే ఇదే నయం. కానీ ప్రతి వరుసకూ విలువలను పైథాన్ రూపంలోకి, ఫలితాన్ని మళ్లీ డేటాబేస్ రూపంలోకి మార్చే ఖర్చు ఉంటుంది. సాదా ఎస్‌క్యూఎల్ ఫంక్షన్‌ను క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్ తరచూ క్వెరీలోనే కలిపేసుకోగలదు, పైథాన్‌ను కలుపుకోలేదు. ప్రతి కొత్త సెషన్‌లో మొదటిసారి పైథాన్ లోడ్ కావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి తెరిచిన కనెక్షన్లనే మళ్లీ మళ్లీ వాడే కనెక్షన్ పూలింగ్ ఉండటం మంచిది. ముందు వేర్ నియమాలతో వరుసలను తగ్గించి, మిగిలినవాటి మీదే ఫంక్షన్ పిలవండి. ఆగకుండా తిరిగే లూప్ రాస్తే మాత్రం క్వెరీని క్యాన్సిల్ చేసినా వెంటనే ఆగదు; కోడ్ అంతా పైథాన్ లోపలే తిరుగుతున్నంతసేపు డేటాబేస్ మాట దానికి వినపడదు.

ఎస్‌క్యూలైట్‌లో ఇదే పని ఎలా చేయాలి?

చాలా సులువు. మీ పైథాన్ ప్రోగ్రాంలో కనెక్షన్ తెరిచి, క్రియేట్ ఫంక్షన్ అనే మెథడ్‌కు ఫంక్షన్ పేరు, ఆర్గ్యుమెంట్ల సంఖ్య, పైథాన్ ఫంక్షన్ ఇస్తే చాలు. సూపర్‌యూజరు గొడవే లేదు. అయితే ఆ ఫంక్షన్ డేటాబేస్ ఫైల్‌లో నిలవదు, ఆ కనెక్షన్ ఉన్నంతవరకే ఉంటుంది. అదే ఫైల్‌ను వేరే టూల్‌లో తెరిచి క్వెరీ నడిపితే అటువంటి ఫంక్షన్ లేదని ఎర్రర్ వస్తుంది. ఆ ఫంక్షన్‌ను వ్యూలోనో ఇండెక్స్‌లోనో వాడి ఫైల్‌ను ఆడిటరుకు పంపితే అక్కడ తంటా తప్పదు.

ఫంక్షన్‌కు తెలుగులో పేరు పెట్టవచ్చునా?

పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. కానీ పేరు 63 బైట్లు మించకూడదు, అంటే దాదాపు 21 తెలుగు సంకేతాలు. ‘పుట్టి_నుంచి_క్వింటాళ్లు’ అని పెడితే అది 68 బైట్లు అవుతుంది. డేటాబేస్ ఒక నోటీసు ఇచ్చి, పేరును ‘పుట్టి_నుంచి_క్వింటాళ్’ దగ్గర కత్తిరిస్తుంది. పూర్తి పేరుతో పిలిచినా పనిచేస్తుంది, ఎందుకంటే పిలిచేటప్పుడూ అలాగే కత్తిరిస్తుంది. అయినా జాబితాలో తెగిన పేరు చూసి మీ తర్వాత వచ్చేవారు తికమకపడతారు.

సర్వర్ మార్చేటప్పుడు ఫంక్షన్లు కూడా వస్తాయా?

బ్యాకప్‌లో ఫంక్షన్ కోడ్ వస్తుంది, అది పిలిచే పైథాన్ లైబ్రరీలు రావు. కొత్త సర్వర్‌లో ముందు పీఎల్‌పైథాన్ ప్యాకేజీ, తర్వాత డేటాబేస్ వాడే పైథాన్‌కే ఆ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేయాలి. మీ సొంత యూజరు కింద వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టినవి డేటాబేస్‌కు కనిపించవు. ఏ పైథాన్ నడుస్తోందో తెలియాలంటే వెర్షన్‌ను తిరిగి ఇచ్చే రెండు పంక్తుల ఫంక్షన్ ఒకటి రాసి, డేటాబేస్ లోపలి నుంచే పిలిచి చూడండి. మేము ప్రతి డేటాబేస్‌లోనూ అటువంటిది ఒకటి ఉంచుతాము, కొత్త సర్వర్‌లో మొదట పిలిచేది దాన్నే.